వీపు మీది వంటిల్లు

సంచులు కుట్టే మాస్టారికి తన డప్పు తానే కొట్టుకునే అలవాటుంది. దాన్ని ఆయన దాచుకోడు కూడా. నా డప్పు నేను కొట్టుకోకపోతే పక్క కొట్టువాడు పని మానుకుని వచ్చి కొడతాడా అంటాడు. ఇరుకు సందు చివర, పాత భవనం మెట్ల కింద ఉన్న గదే ఆయన కొట్టు. రెండు కుట్టు మిషన్లు, మేకులకి వేలాడే పట్టీలు, బకిళ్ళు పోసిన రేకు డబ్బాలు, గోడకి ఆనించిన కాన్వాసు చుట్టలు, వీటన్నిటి మధ్యా ఆయన. ఎవరైనా తెగిన సంచి తెస్తే ముందు దాన్ని కుట్టినవాణ్ణి నాలుగు మాటలని, ఆ తర్వాత బాగుచేస్తాడు.

ఆయన భార్య సిటీ బస్సు నడుపుతుంది. డిపోలో ఆమెని డ్రైవరమ్మ అంటారు. ఇంటి చుట్టుపక్కల కూడా అదే పేరు ఖాయమైపోయింది. ఏళ్ల తరబడి సీట్లో కూర్చుని నడుము పట్టేస్తుంటే డాక్టరు రోజూ కాస్త నడవమన్నాడు. కాస్త అనే మాట ఆమె చెవిన పడలేదు. సెలవు రోజుల్లో కొండలెక్కే బృందం ఒకటుందని తోటి డ్రైవరు చెబితే వెళ్ళి అందులో చేరింది. దానికి పెద్ద దిక్కు, మందుల షాపు నడిపి మానేసిన ఒకావిడ. జుట్టంతా నెరిసినా మేకలా ఎక్కుతుంది. అందరూ ఆమెని కొండక్క అని పిలుస్తారు.

బృందంలో ఒక్కొక్కరూ ఒక్కో బరువు మోస్తారు. ఒకరు గుడారాలు, ఒకరు తాళ్ళు, ఒకరు మందులు. అన్నిటికన్నా బరువైనదీ, అన్నిటికన్నా గౌరవమైనదీ వంటిల్లు మోసే పని. పంపు స్టవ్వు, అల్యూమినియం కిరోసిన్ సీసా, గిన్నెలు, అందరి తిండీ ఒక్క సంచిలో వెళ్ళాలి. స్టీరింగు తిప్పి రాటుదేలిన భుజాలు కాబట్టి ఏడాది తిరక్కుండానే ఆ పని డ్రైవరమ్మకొచ్చింది. ఇంటికొచ్చి చెబుతుంటే ఆమె మొహం వెలిగిపోయింది. మాస్టారు మాత్రం ఆమె మొహం చూడలేదు, వీపు చూశాడు. ఆ బరువుకి బజారు సంచి ఆగదు, నేను కుడతానన్నాడు.

కుట్టాడు. ముదురాకుపచ్చ కాన్వాసు, ఎక్కడ చూసినా రెండు వరసల కుట్టు, భుజాల పట్టీల్లో మెత్తటి స్పాంజి, నడుముకి వెడల్పాటి బెల్టు. లోపల ఒకటే పెద్ద అర, గోడౌనులాగ. బయట ఒక్క జేబు లేదు. ఆమె అడగకపోలేదు. సంచికి బయట జేబులు మొహానికి మొటిమల్లాంటివని ఆయనే కొట్టిపారేశాడు. పూర్తయ్యాక దాన్ని కొట్టు గుమ్మానికి తగిలించి, వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించాకగానీ ఆమె చేతికివ్వలేదు. కాకిపిల్ల కాకికి ముద్దని ఎదురుగా చెప్పులు కుట్టే అతను నవ్వాడు.

ఆ సంచి వేసుకుని మొదటిసారి వెళ్ళిన మనిషి, మర్నాటికి రావలసింది ఆ సాయంత్రమే వచ్చేసింది. సందులో అడుగుల చప్పుడు కన్నా ముందు వాసన వచ్చింది కొట్లోకి. కిరోసిను వాసన. మాస్టారు మిషను ఆపి తలెత్తాడు. ఆమె సంచిని బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చుంది.

దారి మధ్యలో సీసా మూత వదులైందట. బియ్యం, రొట్టెలు, ఉల్లిపాయలు, ఆమె స్వెట్టరు, అన్నీ నానిపోయాయి. తిండంతా ఆ సంచిలోనే ఉంది. ఎవరి జేబుల్లోనో ఉన్న బిస్కెట్లు పంచుకు తిని అందరూ వెనక్కి దిగిపోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. దిగేటప్పుడు కొండక్క పక్కన నడుస్తూ, వచ్చేసారి వంటిల్లు ఇంకొకరు మోస్తారులే, అతని బజారు సంచిలో దేనికది విడిగా పెట్టుకునే చోటుంది, నువ్వు గుడారం తీసుకో అని మెల్లగా చెప్పింది. తిట్టినా బాగుండేది అంది డ్రైవరమ్మ.

మాస్టారు ముందు అడిగింది ఇదీ: "సంచి ఎక్కడా చిరగలేదు కదా?"

ఆమె సంచిని ఆయన వైపు జరిపింది. "లేదండీ. మీ సంచి భేషుగ్గా ఉంది. ఒక్క చుక్క కూడా బయటికి పోనివ్వలేదు."

ఆయనకి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు కనపడకూడదని సీసా తీసి మూత తిప్పి చూశాడు. మూతలో రబ్బరు వాషరు ఎండిపోయి బీటలు వారింది. దొరికాడు దొంగ అన్నట్టు దాన్ని పైకెత్తి చూపించాడు. తప్పు వాషరుదైతే సంచిని ఎందుకంటారు, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ కొండక్క వరస, అని ఇంకా ఏదో చెప్పబోయాడు.

"నా బస్సులో డీజిలు టాంకు ఎక్కడుంటుందో ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది ఆమె.

ఎన్నోసార్లు ఆ బస్సెక్కాడు. మా ఆవిడ నడుపుతోందని పక్క సీటువాళ్ళకి చెప్పుకున్నాడు కూడా. టాంకు మాత్రం ఎప్పుడూ చూడలేదు. కిందెక్కడో ఉంటుందన్నాడు.

"కింద, ఓ పక్కకి, జనానికి బయట. కారదనుకుని అక్కడ పెట్టలేదు. ఎప్పుడో ఒకప్పుడు కారుతుందని తెలిసే పెట్టారు. కారితే రోడ్డు మీద పడాలిగానీ మనిషి ఒళ్ళో పడకూడదు. వాషరు ఇవాళ కాకపోతే రేపైనా ఎండుతుంది."

మాస్టారు వాషరుని బల్ల మీద పెట్టేశాడు. ఆమె ఇంక పొడిగించకుండా స్నానానికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి ఆయన సంచిని వేడినీళ్ళల్లో ఉతికి ఆరేసి, చిన్న కత్తి పట్టుకుని కుట్లు ఎక్కడ విప్పాలా అని చూస్తున్నాడు.

మొదట సంచి పైమూత మీద సీసాకి జేబు పెట్టాడు. చేతికందుతుంది, తిండికి దూరంగా ఉంటుందని ఆయన లెక్క. సంచి నిండా గుడ్డపేలికల మూటలు నింపి, సీసాలో నీళ్ళు పోసి ఆమెకి తగిలించాడు. ఆమె భవనం మెట్లెక్కి దిగింది. వంగినప్పుడల్లా సీసా వెనకనుంచి ఠంగుమని నెత్తికి కొట్టింది. "ఇది సీసా కాదండీ, మొట్టికాయ" అంది. దాన్ని విప్పి వెనకవైపు మధ్యలో పెట్టాడు. ఈసారి ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకు లాగుతున్నట్టుందంది. అదీ విప్పాడు.

మూడోది ఎడమపక్కన, బాగా కిందికి కుట్టాడు. సంచికీ జేబుకీ మధ్య రబ్బరు పూత గుడ్డ రెండు పొరలు వేశాడు. సీసా నిలువుగా, మూత పైకి ఉండేలా మెడకి ఒక పట్టీ పెట్టాడు. జేబు అడుగున ఇత్తడి రింగుతో కన్నం పెట్టాడు, కారితే దానిగుండా నేలమీదికి పోవాలని. మూతకి కొత్త వాషరు వేసి, మళ్ళీ కావాలనే మూత వదులు చేసి, సంచిని వాసానికి వేలాడదీశాడు. నీళ్ళు బొట్లుబొట్లుగా కింద బకెట్లో పడ్డాయి. లోపల పెట్టిన పాత కాగితం పొడిపొడిగా ఉంది. ఎదురు కొట్టు అతన్ని పిలిచి దాన్ని చెంపకి ఆనించుకు చూడమన్నాడు. ఆయన తృప్తి అది.

డ్రైవరమ్మ కొండక్కకి కబురు చేస్తే ఆవిడే స్వయంగా కొట్టుకొచ్చింది. కళ్ళజోడు పైకి తోసి, జేబులో చెయ్యి పెట్టి, ఇత్తడి కన్నంలో వేలు దూర్చి చూసింది. బాగా కుట్టారంది. అంతలోనే, వాసానికి వేలాడే సంచి వేరు, కొండమీద దొర్లే సంచి వేరు, మాస్టారూ, అంది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అందరి కడుపూ ఆవిడ పూచీ.

మాస్టారికి పౌరుషం వచ్చింది. "అయితే నేనే మోసి చూపిస్తాను."

డ్రైవరమ్మకి నవ్వాగలేదు. ఈయన పై అంతస్తులో తమ వాటాకి చేరడానికే మెట్ల మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంటాడు. కానీ కొండక్క నవ్వలేదు. రమ్మంది. ఒక్క షరతు పెట్టింది: ఇంకో చిన్న కిరోసిన్ సీసా, కొన్ని రొట్టెలు వేరే సంచిలో వస్తాయి. ఇది తనని నమ్మకపోవడమేనని ఆవిడ వెళ్ళాక మాస్టారు గింజుకున్నాడు. "నా బస్సులో స్టెప్నీ ఉంటుంది. దాంతో మిగతా టైర్లకి పరువు పోయిందా?" అంది భార్య.

సెలవొచ్చింది. కొండ అడుగున అందరూ బూట్ల తాళ్ళు బిగించుకుంటుంటే మాస్టారు పచ్చసంచి తగిలించుకుని, పక్కవాళ్ళకి రెండు వరసల కుట్టు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి మలుపు దాకా చెప్పాడు. రెండో మలుపులో మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకోవలసి వచ్చింది. ఆ పైన ఇంక మాటల్లేవు.

వెనక నడుస్తున్న డ్రైవరమ్మ కాసేపు చూసి, బండి ఎడమకి లాగుతోంది అంది. ఏం లేదన్నాడు. ఇంకాస్త ఎక్కాక మళ్ళీ అదే మాటంది. ఆయన ఒప్పుకోలేదుగానీ ఎడమ భుజం కోసుకుపోతోంది. అడుగు వేసినప్పుడల్లా నిండు సీసా ఆ పక్కకే తూగుతోంది. చదునుగా ఉన్న ఒక రాతి దగ్గర అందరూ ఆగారు. సంచి దించి చూసుకుంటే పట్టీ కింద చర్మం ఎర్రగా కందిపోయింది. అప్పుడు నోరు విప్పాడు.

"ఒక్క పక్కే జేబు పెట్టడం నా బుద్ధితక్కువ. కుడిపక్కన కూడా బరువుండాలి."

"నీళ్ళ సీసా సరిపోతుంది. అక్కడ పెట్టడానికి చోటుండాలిగా" అంది ఆమె.

మాస్టారు చుట్టూ చూశాడు. కొండమీద కాన్వాసు ఎక్కడిది? చివరికి తన ప్యాంటుకే తొడ మీదున్న పెద్ద జేబు కనిపించింది. అది కూడా ఆయన కుట్టిందే, గట్టి గుడ్డ. కాలరు కింద ఎప్పుడూ గుచ్చి ఉంచుకునే లావు సూది తీశాడు, మైనం రాసిన దారం ఎక్కించాడు, ప్యాంటు జేబు చుట్టూ గుడ్డతో సహా కోసేశాడు. కొండక్క ఆకాశం వైపు చూసి, మబ్బు కమ్ముతోంది మాస్టారూ, అందరూ మంచినీళ్ళు తాగేంతవరకే టైము అంది. ఆయన వినిపించుకోలేదు. సంచిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కుట్టుకుపోయాడు. బృందంలోని కుర్రవాళ్ళిద్దరు నీళ్ళు తాగడం మానేసి ఆయన చేతులే చూస్తూ నిలబడ్డారు. చివరి ముడి వేసి దారం పళ్ళతో తెంపి లేచేసరికి తొడ మీద కిటికీలాంటి కంత, అందులోంచి చల్లగాలి.

నీళ్ళ సీసా కుడిపక్కకి చేరింది. సంచి నిటారుగా కూర్చుంది. దాన్ని మళ్ళీ ఎత్తుకోబోతే డ్రైవరమ్మ అడ్డం పడింది. "మీ వంతు అయింది. ఇది నా బండి." ఆయన ఇవ్వనన్నట్టు ఒక్క క్షణం పట్టీ పట్టుకున్నాడు. కందిపోయిన భుజం గుర్తొచ్చి వదిలేశాడు.

ఆమె సంచి తగిలించుకుని నడుస్తుంటే ఆయన వెనకనుంచి చూశాడు. సంచి ఆమె వీపుకి అతుక్కుని, ఆమెతోపాటే ఎక్కుతోంది. ఎక్కడా తూగు లేదు.

పైన వాగు దాటాలి. రాళ్ళు తడిగా, నాచుపట్టి ఉన్నాయి. కొండక్క అందరినీ సంచులు దించి ఒకరి చేతినుంచి ఒకరికి అందించుకోమంది. పచ్చసంచి డ్రైవరమ్మ చేతినుంచి మాస్టారి చేతికొచ్చింది. దాన్ని అవతలి గట్టుమీదున్న ఒకతనికి అందించబోతూ ఆయన కాలు జారింది. పడిపోకుండా రాయి పట్టుకున్నాడు. సంచి వదిలేశాడు.

అది ఒక రాయికి కొట్టుకుని, బోర్లా పడి, పల్లంలోకి దొర్లింది. కిందున్న బండ రాయికి ఠప్పుమని తగిలి ఆగింది. మాస్టారు రాయి పట్టుకునే అటు చూశాడు. ఆయన తన సంచులు చిరగడం చూశాడు, మాయడం చూశాడు. తన చేతినుంచే ఒకటి జారిపోతుంటే చూడటం ఇదే మొదలు. అందులో అందరి అన్నమూ ఉంది. అంతకన్నా, ఆమె తిరిగి తెచ్చుకోవాలనుకున్న గౌరవం ఉంది.

డ్రైవరమ్మ అప్పటికే రాళ్ళు పట్టుకుని కిందికి దిగుతోంది. సంచి దగ్గర మోకరిల్లి చూసింది.

"సీసా నొక్కుకుపోయింది. మూత దగ్గర కారుతోంది" అని అరిచి చెప్పింది.

"ఏ పక్కకి?" అనడిగింది కొండక్క.

ఆమె వంగి చూసి, చెయ్యి పెట్టి చూసి, తలెత్తింది. "బయటికి."

ఆమె మూత బిగించి, సీసాని నిలబెట్టి, జేబుని గుడ్డతో తుడిచి, సంచి పైకి తెచ్చింది. అందరూ చుట్టూ చేరారు. చేతులు వాగులో సబ్బుతో కడుక్కున్నాక కొండక్క తనే సంచి విప్పింది. బియ్యం మూట తీసి వాసన చూసింది. ఉల్లిపాయల్ని చూసింది. ఒక రొట్టె తుంచి ముక్కు దగ్గర పెట్టుకుంది, తర్వాత నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. మాస్టారు ఆవిడ దవడలనే చూస్తున్నాడు. ఆవిడ మింగి, మిగతా ముక్క ఆయన చేతిలో పెట్టింది. తినండి అనలేదు, బాగుందనీ అనలేదు. ఆయన తిన్నాడు. రొట్టె రొట్టెలాగే ఉంది.

మధ్యాహ్నానికి పైన రాళ్ళు పేర్చి కట్టిన బసకి చేరారు. వాన తుంపర మొదలై ఆగిపోయింది. డ్రైవరమ్మ చూరు బయట, గాలికి అడ్డంగా రాళ్ళు పెట్టించి స్టవ్వు దించింది. నొక్కుకుపోయిన సీసాలో సగం పైగానే మిగిలింది. ఆ తర్వాత ఆమె చేసిందంతా మాస్టారు ఒక పక్కన కూర్చుని చూశాడు.

సీసా పట్టుకున్న చేత్తో ఎవరూ తిండి ముట్టుకోకూడదంది. కిరోసిను పోశాక సీసాని దూరంగా రాతి వెనక పెట్టమంది. అగ్గిపుల్ల గీసేముందు అందరినీ వెనక్కి జరగమంది. జరిగారు. కొండక్క కూడా జరిగింది. ఆమె గొంతు పెంచలేదు. రద్దీ బస్సులో ఫుట్‌బోర్డు వదలమని చెప్పే గొంతు, గట్టిగా అనకుండానే వెనక సీటుదాకా వినిపించే గొంతు. ఆయన రోజూ ఇంట్లో వినే గొంతు అది కాదు. ఇన్నేళ్ళు ఈమె డ్యూటీకి వెళ్ళొస్తుంటే, అక్కడ ఈమె ఎలా ఉంటుందో తను ఎప్పుడూ అడగలేదని ఆయనకి తోచింది. మంట నీలంగా నిలబడింది. ముందు ఉల్లిపాయల సూపు కాగింది, తర్వాత అన్నం ఉడికింది. అందరి గిన్నెల్లోంచీ ఆవిరి లేస్తుంటే ఆమె అందరికీ వడ్డించి చివరన తను పెట్టుకుంది.

తిన్నంతసేపూ మాస్టారు సంచి మాట ఎత్తలేదు. రబ్బరు పూత గుడ్డ ఊసు లేదు, ఇత్తడి కన్నం ఊసు లేదు. డ్రైవరమ్మకి అనుమానమొచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరమేం లేదు. నిన్ను చూస్తున్నాను, అంతే" అన్నాడు.

"వెలిసిన పెయింటు బస్సుని చూసినట్టు?"

"కాదు. మా ఆవిణ్ణి చూసినట్టు."

ఆమె ఆయన గిన్నెలో ఇంకో గరిటె అన్నం వేసింది.

తెల్లారి చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే టీ కోసం నీళ్ళు పెట్టారు. అవి కాగకముందే నొక్కుకుపోయిన సీసా ఖాళీ అయింది. కొండక్క తెప్పించిన రెండో సీసా తీయక తప్పలేదు. మాస్టారే దాన్ని తెచ్చి, ఆవిడ చేతికిస్తూ, మీరు తేబట్టి సరిపోయిందన్నాడు. కొండక్క నవ్వింది. తాగాక ఎవరి సామాను వాళ్ళు సర్దుకుంటున్నారు. బజారు సంచి ఉన్న అతను వంటసామాను సగం తను మోస్తానని స్టవ్వు చేతిలోకి తీసుకున్నాడు. కొండక్క అతని చేతిలోంచి స్టవ్వు తీసుకుని, గుడ్డ చుట్టి, తిన్నగా పచ్చసంచిలో పెట్టింది.

"వంటిల్లు డ్రైవరమ్మది. ఇవాళే కాదు, ఇక ముందు కూడా" అంది.

డ్రైవరమ్మ బెల్టు బిగించుకుంటోంది. తలెత్తలేదుగానీ, బకిలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టుకుంది. బజారు సంచి అతను మాస్టారి దగ్గరకొచ్చి ఆ జేబుని చేత్తో తడిమి చూస్తూ, ఇది ఎవరి ఆలోచన, మీదేనా, అని అడిగాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "కుట్టింది నేను. ఎక్కడ కుట్టాలో చెప్పింది ఆవిడ. నేనైతే నెత్తిమీద పెట్టేవాణ్ణి. పెట్టాను కూడా."

అతను నవ్వాడు. మాస్టారూ నవ్వాడు. ఆ మాట అందరి ముందూ చెప్పినందుకు ఆయనకి చిన్నతనమేమీ అనిపించలేదు. పైగా ఇంకో ఇద్దరు ముగ్గురు అడిగితే బాగుండుననిపించింది.

శిఖరం ఇంకా పైనుంది. కొండక్క ముందు నడిచింది, ఆవిడ వెనక డ్రైవరమ్మ. ఎక్కుడు మొదలవగానే మాస్టారికి మళ్ళీ ఆయాసం వచ్చింది. ఆగితే భార్య కూడా ఆగి వెనక్కి చూసింది. రాగలరా అనడిగింది. నువ్వు నడువు, నేను నీ సంచి చూసుకుంటూ వస్తానన్నాడు. ఆమె తిరిగి ఎక్కసాగింది. మాస్టారు ఒక చేత్తో తొడ మీది కంత మూసుకుని, ఆమె అడుగు తీసిన రాతి మీదే అడుగు వేస్తూ పైకి నడిచాడు.